ఆట మీద నెపం

విశ్వవిద్యాలయ హాస్టల్,
జూలై

అత్తయ్యకు,

ఫోను చేస్తే నువ్వు "ఊఁ" అంటావు, నేను "ఊఁ" అంటాను, ఆ తర్వాత ఇద్దరం ముక్కులు చీదుకుని పెట్టేస్తాం. అందుకని ఉత్తరం రాస్తున్నాను. కాగితం మీదైతే నేను ఏడ్చినా నీకు వినపడదు, నువ్వు ఏడ్చినా నాకు వినపడదు.

కబురు ఏమిటంటే, నా చివరి ఏడాది పరిశోధనకు అంశం ఖాయమైంది. కొట్లాట వీడియో గేములు ఆడే కుర్రాళ్లకు చెయ్యి చేసుకునే గుణం పెరుగుతుందా లేదా అన్నది. మా మేడమ్ వద్దంటే వద్దంది. "సొంత మేనత్త ఇంట్లో జరిగిన ఘోరం మీద పరిశోధనకు దిగితే నీకు కావలసిందే కనిపిస్తుంది, ఉన్నది కనిపించదు" అంది. నేను మంకుపట్టు పట్టాను.

నీ చంటి పోయి ఆరు నెలలు దాటింది. వాడూ, మనందరం పొడుగు అని పిలిచే వాడి ప్రాణస్నేహితుడూ మీ మేడగదిలో ఆ కత్తుల గేము ఆడుతూ ఆడుతూ తగువు పడడం, పొడుగు తోస్తే మనవాడు ఇనప మెట్ల మీద నుంచి పడిపోవడం, మర్నాడు పేపర్లో "ప్రాణం తీసిన గేము" అని పెద్దక్షరాలు వేయడం, అంతా అందరికీ తెలిసిందే. ఆ గేము తయారుచేసినవాళ్లు మాత్రం హాయిగా ఉన్నారు. నేను వాళ్లను వదలను. ఆ పని చేయించింది ఆటేనని అంకెలతో సహా రుజువు చేసి నీ చేతిలో పెడతాను. మాటిస్తున్నాను.

పని ఎలా ఉంటుందో చెబుతాను, నీకు నవ్వొస్తుంది. సగంమంది విద్యార్థుల చేత కత్తుల గేము ఆడిస్తాను. మిగతా సగం చేత తోట పెంచే గేము. ఆట అయ్యాక, పక్క గదిలో కారం అస్సలు తినలేని మనిషి ఒకడు ఉన్నాడని చెప్పి, అతను తాగబోయే టొమాటో రసంలో ఇష్టమొచ్చినంత కారం కలపమంటాను. లోపల మంట ఎక్కువ ఉన్నవాడు కారం ఎక్కువ కలుపుతాడని లెక్క. నిజానికి పక్క గదిలో ఎవరూ ఉండరు. ఎంత కారం పడిందో తూచి, రసం పారబోసి, గ్లాసులు కడుక్కునేది నేనే. ఆ తర్వాత కొన్ని నెలలపాటు, వాళ్లలో ఎవరు ఎవరితో కొట్లాడారో స్నేహితుల్నీ, లెక్చరర్లనీ అడిగి రాసుకుంటాను.

వేళకు తింటున్నావా?

నీ కోడలు


ఇల్లు,
ఆగస్టు

అమ్మడూ,

ఉత్తరం అందింది. పోస్ట్‌మాన్ నా పేరు రెండుసార్లు పిలిచాడు. చేతిరాతతో ఉత్తరం వచ్చి ఎంత కాలమైందో, నా పేరే నాకు కొత్తగా వినపడింది.

పనికి వెళ్తున్నాను. ఇంట్లో కూర్చుంటే గోడలు మీద పడుతున్నాయి. మా కట్టుడు పళ్ల ల్యాబులో నా బల్ల కిటికీ పక్కకు మార్చారు. మైనం మీద పళ్లు పేర్చడానికి వెలుతురు బాగుంది. మొన్న ఒక పెద్దాయన కట్టుడు పళ్లకోసం వచ్చి, ముందు పళ్ల మధ్య సందు ఉంచి తీరాలన్నాడు. "ఎందుకు బాబాయిగారూ, సందు లేకుండా చక్కగా చేస్తానుగా" అంటే, "మా ఆవిడ ఆ సందు చూసే నన్ను చేసుకుంది, ఇప్పుడు కొత్త మొహంతో ఇంటికెళ్తే గుమ్మంలోనే ఆపేస్తుంది" అన్నాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. నవ్వాక మళ్లీ భయమేసింది, నవ్వేశానేమిటి అని.

నీ కారం సంగతి చదివాను. పిచ్చి చదువులు అనుకున్నాను గాని, ఆలోచిస్తే అందులో ఏదో ఉంది. పొడుగును ఇంకా ఆ పిల్లల గృహంలోనే ఉంచారు. వాడిని పిల్లాడిగానే చూడాలా, పెద్దవాళ్లతో సమానంగా విచారించి జైలుకు పంపాలా అన్నది ఫిబ్రవరిలో తేలుస్తారట. ఆ గేము వల్లే జరిగిందని చదువుకున్నవాళ్లు ఎవరైనా రాసిస్తే కోర్టులో పెట్టొచ్చని వకీలుగారు అన్నారు. నీ సంగతి చెబితే ఆయన ఎగిరి గంతేశారు. కాబట్టి నువ్వు తొందరగా కానివ్వు. ఆట వల్లే అని తేలుతుందిగా? తేలాలి.

మీ అత్తయ్య


విశ్వవిద్యాలయ హాస్టల్,
అక్టోబరు

అత్తయ్యకు,

ఆలస్యంగా రాస్తున్నందుకు తిట్టుకోకు. చేతులు రెండూ కారం వాసన. కళ్లు నులుముకోవడం మానేశాను.

మా ల్యాబు నీ ల్యాబంత శుభ్రంగా ఉండదు. నేలమాళిగలో రెండు గదులు, నాలుగు కంప్యూటర్లు. వాటిలో ఒకటి తన ఇష్టం వచ్చినప్పుడు ఆగిపోతుంది. కుర్రాళ్లు బాగానే వస్తున్నారు, బిస్కెట్లు ఇస్తామని చెప్పాం మరి. నిన్న ఒకడు తోట గేము ఆడాడు. వాడి మొక్కలన్నీ మిడతలు తినేశాయి. పక్కన ఆడుతున్న స్నేహితుడు పగలబడి నవ్వాడు. వీడు లేచి వచ్చి, టొమాటో రసంలో కారం డబ్బా బోర్లించేశాడు. తోట గేము ఆడినవాడు, కత్తుల గేము కాదు. నాకు ఆశ్చర్యం వేసింది.

కంప్యూటర్లు పాతవే గాని కుర్చీలు కొత్తవి. మా మేడమ్‌కి జలుబు చేసింది. హాస్టల్లో నీళ్లు సరిగ్గా రావడంలేదు. నా గదిలో పిల్ల పరీక్షలకు ఇంటికెళ్లిపోయింది. ఫలితాలు ఇప్పుడే చెప్పలేను, ఇంకా లెక్కలు కట్టాలి.

నీ కోడలు


ఇల్లు,
అక్టోబరు

అమ్మడూ,

చిన్నప్పుడు నువ్వు ఒక గ్లాసు పగలగొడితే, మిగతా గ్లాసులన్నిటి గురించీ గంటసేపు చెప్పేదానివి. మీ మేడమ్ జలుబు, హాస్టలు నీళ్లు, కొత్త కుర్చీలు అన్నీ చదివాను. పగిలిన గ్లాసు ఎక్కడ?

మీ అత్తయ్య


విశ్వవిద్యాలయ హాస్టల్,
నవంబరు

అత్తయ్యకు,

చెబుతాను. కోప్పడకుండా చివరిదాకా చదువు.

కత్తుల గేము ఆడి లేచినవాళ్లు, లేచిన వెంటనే కాస్త ఎక్కువ కారమే కలిపారు. అది నిజం. కానీ వాళ్లను కాసేపు కూర్చోబెట్టి, బిస్కెట్లు పెట్టి, ఆ తర్వాత కలపమంటే తోటవాళ్లకూ వీళ్లకూ తేడా లేదు. ఇన్ని నెలల్లో బయట నిజంగా కొట్లాటలకు దిగినవాళ్లు ఎవరా అని చూస్తే, అక్కడా ఏ తేడా కనపడలేదు. రోజూ కత్తుల గేము ఆడేవాళ్లలో చీమకైనా హాని చెయ్యనివాళ్లున్నారు. గేమంటే ఏమిటో తెలియనివాళ్లలో క్యాంటీన్లో కాలర్లు పట్టుకున్నవాళ్లున్నారు.

ఒక్కచోట మాత్రం తేడా స్పష్టంగా ఉంది. ఏ ఆటైనా సరే, ఓడిపోయి, ఓడినందుకు పక్కవాడి చేత నవ్వులపాలైనవాడు డబ్బా ఒంపేశాడు. కత్తులా, మొక్కలా అన్నది లెక్కలోకే రాలేదు. ఎగతాళి లెక్కలోకి వచ్చింది.

ఇది నా ఒక్కదాని చిన్న పరిశోధన. దీంతో లోకమంతా తేలిపోదు. నాకు మాత్రం తేలిపోయింది. మేడమ్ అన్న మాటే నిజమైంది. నాకు కావలసింది వెతుక్కుంటూ వెళ్లాను, ఉన్నది వేరేది దొరికింది. ఆట కాదు అత్తయ్యా. మాట ఇచ్చి తప్పుతున్నాను, క్షమించు.

నీ కోడలు


ఇల్లు,
నవంబరు

అమ్మడూ,

చివరిదాకా చదివాను. కోప్పడలేదు.

ఆడి లేచిన వెంటనే కారం ఎక్కువ కలిపారని రాశావు కదా. ఆ ముక్క వరకే రాసి, మీ విశ్వవిద్యాలయం ముద్ర వేయించి పంపు. తర్వాతి సంగతి రాయకు. అందులో అబద్ధం ఏమీ లేదుగా. వకీలుగారికి కూడా అంత చాలట. మనవాడూ, పొడుగూ కూడా ఆడి లేచిన వెంటనేగా గొడవపడింది.

నేను నిన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు. ఇదొక్కటి చెయ్యి.

మీ అత్తయ్య


విశ్వవిద్యాలయ హాస్టల్,
డిసెంబరు

అత్తయ్యకు,

చెయ్యలేను. సగం నిజం రాసి ముద్ర వేస్తే మిగతా సగం నన్ను నిద్రపోనివ్వదు.

పైగా నాకు ఒకటి అర్థం కావడంలేదు. చంటిని తోసింది పొడుగు. వాడి చేతులు. వాడి బలం. ఏ కంపెనీవాళ్లో వచ్చి తొయ్యలేదు. వాడిని వదిలేసి నువ్వు గేము వెంట ఎందుకు పడుతున్నావు? మొదట నేనే పడ్డాను, ఒప్పుకుంటాను. కానీ ఇప్పుడు వద్దు. పొడుగు చేసిన పని పొడుగుదే. శిక్ష ఏదో వాడు అనుభవిస్తాడు. గేము వల్ల జరిగిందని రాసిస్తే, వాడికి తప్పించుకునే దారి మనమే చూపించినట్టు అవుతుంది. అది నీకు తట్టలేదా? చంటికి అన్యాయం చేస్తామా?

కఠినంగా రాశాను. నీ మీద ప్రేమ లేక కాదు.

నీ కోడలు


ఇల్లు,
డిసెంబరు

అమ్మడూ,

నాకు తట్టింది. మొదటి నుంచీ నాకు తట్టింది అదే.

వకీలుగారు అని రాశాను గాని, ఎవరి వకీలో రాయలేదు. ఆయన పొడుగు తరఫు వకీలు. నేనే అడ్రసు కనుక్కుని వెళ్లి కలిశాను. నన్ను చూసి ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, కొట్టడానికి వచ్చాననుకుని.

పొడుగుకు తల్లి లేదని నీకు తెలుసు. తండ్రి లారీ ఎక్కితే ఎప్పుడు దిగుతాడో ఆయనకే తెలియదు. బడి వదలగానే చంటితో పాటు వాడూ మా గుమ్మంలోకి వచ్చేవాడు. మీ మావయ్య ఉన్నప్పుడే వాడికంటూ ఒక కంచం కొన్నాం. వాడి మొదటి పాలపన్ను దారం కట్టి పీకింది నేనే. నొప్పి పుట్టిందా అంటే, లేదు పిన్నీ అంటూ కళ్ల నిండా నీళ్లు పెట్టుకున్నాడు. అంత పొడుగు ఎదిగాక నా చీరలు ఆరేసే తాడు కట్టడానికి, బల్బు మార్చడానికి వాడే.

ఆసుపత్రి వరండాలో వాడు నా కాళ్లు పట్టుకుని కూర్చున్నాడు. పోలీసులు వచ్చి లేపేదాకా వదల్లేదు. కొట్టాలనుకున్నాను. చెయ్యి లేవలేదు. వాడి మీద పగ పెట్టుకుంటే నాకు ఇద్దరు పిల్లలూ పోయినట్టే. పెట్టుకోకపోతే, నువ్వన్నట్టు, చంటికి అన్యాయం చేసినట్టు. ఈ రెంటి మధ్య నలిగిపోతుంటే పేపర్లో ఆ గేము మాట వచ్చింది. గట్టిగా పట్టుకున్నాను. ఆట చేయించిందంటే వాడు చేయనట్టేగా. వాడు చేయకపోతే నేను వాణ్ని ద్వేషించనక్కర్లేదుగా.

ఇప్పుడు నువ్వు ఆట కాదంటున్నావు. అంటే వాడే. ఆ మాట నువ్వు రాసినంత తేలిగ్గా నేను చదవలేను అమ్మడూ.

మీ అత్తయ్య


విశ్వవిద్యాలయ హాస్టల్,
జనవరి

అత్తయ్యకు,

నువ్వు గేమువాళ్ల మీద కసితో ఉన్నావనుకున్నాను. నాకు బుద్ధి లేదు.

పంపుతాను. నువ్వడిగిన ఆ మొదటి సగమే, సంతకంతో సహా. మేడమ్ అడిగితే నేను చూసుకుంటాను. డిగ్రీ పోతే పోనీ, వచ్చే ఏడాది మళ్లీ చదువుకుంటాను. వకీలుగారి చిరునామా రాయి.

నీ కోడలు


ఇల్లు,
జనవరి

అమ్మడూ,

పంపకు. రాసి ఉంటే చింపెయ్యి. ఎందుకో చెబుతాను.

ఆదివారం నాడు పిల్లల గృహానికి వెళ్లాను. పేరుకే గృహం. పొడవాటి హాలు, సున్నం వాసన, నేలకు బిగించిన బల్లలు. వాడు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. జుట్టు బాగా కత్తిరించేశారు. మెడ సన్నగా, చిన్నపిల్లాడి మెడలా ఉంది. నా మొహం చూడడు. బల్ల మీద ఎవరో గీసిన గీతలు చూస్తున్నాడు.

"అన్నం తింటున్నావా?" అన్నాను. ఇంకేం అడగాలో తెలియలేదు.

"తింటున్నాను."

"నా మేనకోడలు మీ ఆటల మీద పరిశోధన చేస్తోంది రా. ఆట తప్పు కాదంటోంది."

వాడు బల్ల మీది గీతను గోటితో గీకాడు.

"ఓడిపోయి, పక్కవాడు నవ్వితేనే మనిషికి ఒళ్లు తెలియదంటోంది. ఆ రోజు నువ్వు ఓడిపోయావా?"

తల ఊపాడు.

"వాడు నవ్వాడా?"

"వాడెప్పుడూ నవ్వుతాడు కదా పిన్నీ. గేము వల్లే. నాకేం గుర్తులేదు. వకీలు సారుకి చెప్పాగా."

ఎవరో నేర్పిన పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. చిన్నప్పుడు అబద్ధం చెబితే వీడి చెవులు ఎర్రబడేవి. ఇప్పుడూ ఎర్రబడ్డాయి.

"నా వైపు చూసి చెప్పు" అన్నాను. చూడలేదు. "ఇంత దూరం వచ్చాను. చెప్పకపోతే ఇక్కడి నుంచి లేవను. వాడు నా కొడుకు రా. వాడి ఆఖరి మాటలు విన్నది నువ్వొక్కడివే. నాకు వినే హక్కు లేదా?"

బల్లకేసి చూస్తూనే చెప్పాడు. గొంతు వినపడీ వినపడకుండా ఉంది.

"నేను ఇంకొక్క ఆట అన్నాను. వాడు వద్దన్నాడు. ముందు మా ఇంట్లో తినడం మానెయ్, తర్వాత ఆడుదువుగాని అన్నాడు. నేను నవ్వులాటకే అనుకున్నాను. అప్పుడు... నువ్వు అన్నావంట కదా పిన్నీ. ఈ పొడుగోణ్ని ఇంకెన్నాళ్లు మేపాలి అని. రోజూ అంటావంట. నాకు తెలీకుండా."

నేను బల్ల మీదికి వంగాను.

"నేనా? నేనెప్పుడన్నాను రా?"

అప్పుడు తలెత్తాడు. ఏడాది నుంచి ఆ మాట నేను అన్నాననే అనుకుంటున్నాడు. అనుకుంటూనే, ఎవరికీ చెప్పకుండా కడుపులో దాచుకున్నాడు. పోలీసులు అడిగారు, వకీలు అడిగాడు. పైకి చెబితే చంటిగాడికి చెడ్డపేరు, నాకు సిగ్గు అని, అందరూ గేము అంటుంటే అవును గేమే అన్నాడు.

"ఒట్టు రా. ఎప్పుడూ అనలేదు. కలలో కూడా అనలేదు. వాడు నిన్ను ఏడిపించడానికి కల్పించాడు."

వాడు బల్ల మీద తల పెట్టేశాడు. "ముందే అడిగుండాల్సింది పిన్నీ. కిందికొచ్చి నిన్ను అడిగుండాల్సింది. తోసేశాను. గేము కాదు. నేనే తోశాను."

అంతే అమ్మడూ. నువ్వు కాగితం మీద రాసింది, వాడు నోటితో చెప్పింది ఒకటే. ఇంక నీ చేత సగం నిజం రాయించి వాడిని విడిపించుకోలేను. వాడే పూర్తి నిజం చెప్పాక నేను సగంతో నిలబడితే వాడి మొహం ఎలా చూడను?

మీ అత్తయ్య


విశ్వవిద్యాలయ హాస్టల్,
ఫిబ్రవరి

అత్తయ్యకు,

చింపేశాను.

ఒక్కటే అడుగుతాను. చంటి అన్న మాట కోర్టులో నీ నోటితో చెబుతావా? పేపరువాళ్లు ఉంటారు. పోయినవాడి గురించి తల్లే ఇలా చెప్పిందని రాస్తారు. నువ్వు చెప్పకపోయినా ఎవరూ తప్పు పట్టరు. నేను అసలే పట్టను. రమ్మంటే వచ్చి పక్కన కూర్చుంటాను.

నీ కోడలు


ఇల్లు,
ఫిబ్రవరి

అమ్మడూ,

నువ్వు రానందుకు బాధపడకు. పరీక్షలు ముఖ్యం, నేనే వద్దన్నాను. అంతా అయిపోయింది.

కోర్టు హాలు పెద్దదేమీ కాదు. మా ల్యాబుకు రెండింతలు ఉంటుందేమో. వరండాలో బల్ల మీద పొడుగు వాళ్ల నాన్న కూర్చుని ఉన్నాడు. లారీ దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, చొక్కా మీద గ్రీజు మరక. నన్ను చూసి లేచి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "కూర్చోండన్నయ్యా" అన్నాను. కూర్చోలేదు. నేను కూర్చున్నాక, చాలాసేపటికి, బల్ల ఆ చివర ఒక అంచు మీద కూర్చున్నాడు.

వకీలు గేము మాట ఎత్తబోతే నేనే లేచాను. జడ్జిగారు, పెద్దావిడ, "మీరు చెప్పదలుచుకున్నది ఏమైనా ఉందా?" అని అడిగారు. చెప్పాను. "మాట అన్నది నా కొడుకండీ. తోసింది ఈ పిల్లాడు. రెండూ నిజమే. ఒకటి చెప్పి ఒకటి దాచలేను. ఆ మాట నా పేరు మీద అన్నాడు గాని, నేను అనలేదు. వీడు అది నమ్మాడు. గేముకు దీనితో సంబంధం లేదు. వీడు తప్పు చేశాడు, శిక్ష వెయ్యండి. కానీ పిల్లాడికి వేసే శిక్ష వెయ్యండి. వీడిని నేను పెంచాను, వీడు పెద్దవాడు కాలేదని నాకు తెలుసు" అన్నాను. వెనక ఎవరో పెన్నుతో గబగబా రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. రాసుకోనీ.

పొడుగు కూడా చెప్పాడు. గుర్తులేదన్నది అబద్ధమనీ, తానే తోశాననీ. ఆగి ఆగి చెప్పాడు గాని, ఏదీ మింగలేదు.

పిల్లాడిగానే చూడాలని తేల్చారు. ఇంకొన్నేళ్లు ఆ గృహంలోనే ఉండి చదువుకోవాలి, తర్వాత తండ్రికి అప్పగిస్తారు. వాడిని తీసుకెళ్తుంటే తలుపు దగ్గర ఆగి నా వైపు చూశాడు. నేను మొహం తిప్పుకోలేదు. అలాగని దగ్గరికీ వెళ్లలేదు. బయటికి వచ్చాక మా ఇంటికి రమ్మంటానా అని నన్ను నేనే అడుగుతున్నాను. ఆ మెట్లు వాడు ఎక్కుతుంటే చూడగలనో లేదో నాకు తెలియదు. వాడి మీద పగ లేదని తెలిసింది, అంతవరకే. మిగతాది నెమ్మదిగా తెలుస్తుందేమో.

అసలు సంగతి ఇది కాదు. ఇంటికొచ్చి తాళం తీసి, చెప్పులైనా విప్పకుండా చంటి ఫోటో ముందు నిలబడ్డాను. పోయిన దగ్గర నుంచి వాడు అందులో ఒక్క తప్పూ చేయని పిల్లాడిలా నవ్వుతున్నాడు. నేనూ అలాగే చూస్తూ వచ్చాను. వాడు నోరు తెరిస్తే కోతలు కోసేవాడని, గెలిస్తే ఎదుటివాణ్ని ఏడిపించేదాకా వదిలేవాడు కాదని మర్చేపోయాను. "ఎందుకన్నావురా ఆ మాట? నా పేరెందుకు వాడావురా వెధవా? వాడు నీకేం చేశాడు?" అని గట్టిగా అరిచాను. పక్కింటావిడ కిటికీ తెరిచింది. తెరవనీ అనుకుని ఇంకా తిట్టాను. చిన్నప్పుడు తిట్టినట్టే, వేలు చూపించి, ఊపిరి సలపకుండా.

తిట్టి తిట్టి అలిసిపోయి కూలబడితే, ఇన్నాళ్లకు వాడు ఆ ఫోటోలోంచి దిగి వచ్చి నా ఎదురుగా నిలబడ్డట్టు అనిపించింది. తల వంచుకుని, బొటనవేలితో నేల గీస్తూ, ఈ తిట్లు అయిపోయాక అమ్మ అన్నం ఎప్పుడు పెడుతుందా అని ఓరగా చూస్తూ. అచ్చం నా కొడుకే.

మీ అత్తయ్య